డబ్బా మార్చి చూడు!

గిటారిస్టు కాళ్ల దగ్గర రంగురంగుల చిన్న డబ్బాలు, అంటే పెడళ్లు, వరసగా ఉంటాయి. కాలితో ఒక్కటి నొక్కితే చాలు, తీగ మోత గర్జన అయిపోతుంది. ఆ డబ్బా విప్పి, లోపలి సర్క్యూట్‌ను గట్టి ఇంట్లోకి మార్చి, ఆ తర్వాత చెవికి నచ్చినట్టు సరిచేసుకోవడం ఓ సరదా. కొత్తగా చేయిపెట్టేవాళ్ల కోసం ఈ కథనం.

1961లో అమెరికా రేడియోల్లో మార్టీ రాబిన్స్ పాడిన ‘డోంట్ వర్రీ’ మారుమోగింది. నింపాదిగా సాగే కంట్రీ పాట అది. మధ్యలో గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ బిట్ దగ్గరికి వచ్చేసరికి మోత ఒక్కసారిగా బొంగురుపోయి బరబరమంటుంది. ఎవరూ కావాలని చేసింది కాదు. నాష్‌విల్ స్టూడియోలోని మిక్సింగ్ కన్సోల్‌లో ఒక ఛానెల్ పాడైంది, అంతే. రికార్డింగ్ ఇంజినీరు గ్లెన్ స్నాడీ ఆ టేక్‌ను పారేయకుండా ఉంచారు. పాట హిట్టయ్యాక ‘ఆ మోత మాకూ కావాలి’ అంటూ వేరేవాళ్లు రావడం మొదలైంది. అప్పటికి ఆ ఛానెల్ పూర్తిగా మూగబోయింది. చేసేదిలేక స్నాడీ, రెవిస్ హాబ్స్ అనే మరో ఇంజినీరుతో కలిసి, పాడైన ఛానెల్ మోతనే పుట్టించే ట్రాన్సిస్టర్ సర్క్యూట్ ఒకటి తయారుచేశారు. గిబ్సన్ కంపెనీ దాన్ని 1962లో ‘మేస్ట్రో ఫజ్-టోన్’ పేరుతో అంగట్లో పెట్టింది. రిపేరుకు పంపాల్సిన లోపాన్ని డబ్బాలో పెట్టి డబ్బులకు అమ్మారన్నమాట. మొదట్లో పెద్దగా ఎవరూ కొనలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫాక్షన్’లో కీత్ రిచర్డ్స్ దాన్ని వాడాక దుకాణాల్లో సరుకు మిగల్లేదు.

డబ్బాతో పనిలేకుండా, ఆ మోత కోసం స్పీకర్ల మీద పడ్డవాళ్లూ ఉన్నారు. కింక్స్ బృందంలోని డేవ్ డేవీస్ 1964లో ‘యూ రియల్లీ గాట్ మీ’ కోసం తన యాంప్లిఫయర్ స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో కోసేశాడు. అంతకుముందే లింక్ రే అనే గిటారిస్టు తన స్పీకర్‌ను పెన్సిల్‌తో పొడిచాడు.

ఇక డబ్బాల సంగతి. 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ ‘ఫజ్ ఫేస్’ తెచ్చింది. జిమీ హెండ్రిక్స్ పాదాల దగ్గర కనిపించే గుండ్రటి పెడల్ అదే. ఆ గుండ్రదనం వెనక శబ్దశాస్త్రం ఏమీ లేదు. కంపెనీ యజమాని ఐవర్ ఆర్బిటర్ కళ్లు మైకు స్టాండు అడుగున ఉండే పోత ఇనుప దిమ్మె మీద పడ్డాయి. అదే ఆకారం ఖాయం చేశాడు. అదే ఏడాది అమెరికాలో థామస్ ఆర్గన్ కంపెనీలో బ్రాడ్ ప్లంకెట్ అనే ఇంజినీరు ‘వా-వా’ మోత చేసే సర్క్యూట్ కట్టాడు. దాన్ని ఎందులో పెట్టాలి? పక్కనే వాక్స్ ఆర్గన్‌కు వాడే వాల్యూమ్ పెడల్ ఉంది. పాదంతో ముందుకూ వెనక్కూ ఊపే ఆ డబ్బాలోకి సర్క్యూట్ దూరింది. నేటికీ వా పెడల్ అదే ఆకారంలో ఉంది. 1970ల్లో లండన్‌లో పీట్ కార్నిష్ అనే పెడళ్ల నిపుణుడు ఏం చేశాడో తెలుసా? పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ లాంటివాళ్ల పెడళ్లను వాటి డబ్బాల్లోంచి పెకిలించి, అన్నింటినీ ఒకే పెద్ద పెట్టెలో కాపురం పెట్టించాడు.

అంటే సర్క్యూట్ ఒకచోట పుడుతుంది, చేతికందిన డబ్బాలో తలదాచుకుంటుంది. ఈ కళకు ఇప్పుడు ‘రీహౌసింగ్’ అని పేరుపెట్టి కొత్తగా మాట్లాడుకుంటున్నాం గానీ, పెడల్ పుట్టిననాటి నుంచీ జరుగుతున్న పని ఇదే. నన్నడిగితే, ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవాలనుకునే గిటారిస్టుకు ఇంతకు మించిన మొదటి పాఠం లేదు. సర్క్యూట్ సొంతంగా కట్టడంకంటే, ఉన్నదాన్ని మాడ్ చేయడంకంటే, అంటే భాగాలు మార్చి మోతను సరిచేయడంకంటే కూడా ముందు చేయాల్సింది డబ్బా మార్చడమే. ఎందుకో కాసేపట్లో.

లోపల ఉన్నది ఇంతే

ఫజ్ ఫేస్ మూత విప్పినవాళ్లు మొదట అనే మాట: ‘ఇంతేనా?’ రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు వాల్యూమ్ కంట్రోళ్లు. మొత్తం 11 భాగాలు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివే కుర్రాడు మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు అతికించేయగలడు. హెండ్రిక్స్ వాయించింది దీన్నే.

ఇంత చిన్న సర్క్యూట్ చేసే పని ఏమిటి? గిటార్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది, మామూలుగా ఒక వోల్టుకు లోపే. దాన్ని సర్క్యూట్ వందల రెట్లు పెంచాలని చూస్తుంది. కానీ లోపలున్నది 9 వోల్టుల బ్యాటరీ. అంత ఎత్తుకు చోటు లేదు. కొన్ని పెడళ్లలో ఆ ఎత్తు రాకముందే డయోడ్లు అడ్డం పడతాయి. కుంచంలో ధాన్యం గోపురంగా పోసి అంచు మీద కర్ర జరిపినట్టు, తరంగం నెత్తి తెగిపోతుంది. గుండ్రటి శిఖరం బల్లపరుపైన చోట, తీగలో లేని పై స్వరాలు పుట్టుకొస్తాయి. పైనా కిందా సమానంగా తెగితే మూల పౌనఃపున్యానికి మూడు, ఐదు, ఏడు రెట్లవి. ఒకవైపు ఎక్కువా ఒకవైపు తక్కువా తెగితే రెండు, నాలుగు రెట్లవి కూడా వచ్చి కలుస్తాయి. చెవి దాన్ని ‘ఫజ్’ అనో, ‘ఓవర్‌డ్రైవ్’ అనో, ‘డిస్టార్షన్’ అనో పిలుచుకుంటుంది. ఎంత గట్టిగా, ఎంత పదునుగా తెగింది అన్నదే వీటి మధ్య తేడా.

దీంట్లో రహస్యమేమీ లేదు. పాత పెడళ్ల సర్క్యూట్ బొమ్మలు అందరికీ తెలిసినవే. కొందరు తయారీదార్లు ఎవరూ చూడకుండా సర్క్యూట్ మీద నల్లటి ఎపాక్సీ పోసి గడ్డకట్టించారు. 1994లో బిల్ ఫినెగన్ తెచ్చిన ‘క్లాన్ సెంటార్’ అందుకు పేరుపడింది. ఆ గడ్డనూ ఓపిగ్గా గీకి, లోపలేముందో బయటపెట్టినవాళ్లున్నారు. బంగారు రంగు పెద్ద డబ్బాలో వచ్చిన ఆ పెడల్ పాతది ఇప్పుడు వేల డాలర్లు పలుకుతుంది. తర్వాత ఫినెగనే అదే సర్క్యూట్‌ను చిన్న ఎర్ర డబ్బాలో పెట్టి అమ్మాడు. రీహౌసింగ్ చేసింది సాక్షాత్తూ సృష్టికర్తే!

ముందు ఇల్లు, తర్వాతే మార్పులు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. గిటార్ ఇంట్లోకొచ్చిన కుర్రాళ్లకు మూడోది చేర్చవచ్చు: డబ్బా మార్చి చూడు. చర్చి క్వయర్లోనో, కాలేజీ బ్యాండులోనో వాయించేవాళ్లు మొదట కొనేది చవక పెడల్. సర్క్యూట్ బాగానే ఉంటుంది. చాలాసార్లు పేరున్న పెడల్‌కు నకలే. పొదుపంతా డబ్బా మీద చేస్తారు. ప్లాస్టిక్ ఒళ్లు, పల్చటి మూత, బ్యాటరీ పెట్టాలంటే గోళ్లు విరిగే తలుపు. స్టేజీ మీద బూటుకాలితో తొక్కితే ఏ రోజు పగులుతుందో తెలియదు. ప్లాస్టిక్ విద్యుత్ గోలను ఆపదు కూడా. పక్కన ట్యూబ్‌లైటు, మొబైలు చార్జరు, డిమ్మరు ఉంటే జుయ్యిమనే మోత సర్క్యూట్‌లోకి దూరిపోతుంది. ఫజ్ పెడల్ అయితే ఒక్కోసారి మీడియం వేవ్ రేడియో స్టేషన్‌ను కూడా పట్టుకుంటుంది. గిటార్ వాయిస్తుంటే వార్తలు వినపడటం కొత్తలో తమాషాగానే ఉంటుంది! పోత అల్యూమినియం డబ్బాను మైనస్‌కు కలిపితే అదే కవచమై ఈ బెడదను చాలావరకు బయటే ఆపేస్తుంది.

డబ్బా మార్చడమే మొదట ఎందుకు చేయాలన్నానంటే, ఇక్కడ సర్క్యూట్ అప్పటికే పనిచేస్తోంది. విప్పకముందు వాయించి విన్నారు. మార్చాక మోగకపోతే తప్పు సర్క్యూట్‌లో లేదు, మీరు కలిపిన పది పన్నెండు వైర్లలోనే ఉంది. వెతకాల్సిన చోటు చిన్నది. సొంతంగా కట్టినప్పుడు ఆ సౌకర్యం ఉండదు. రెసిస్టర్ తప్పు పెట్టారా, ట్రాన్సిస్టర్ తిరగేశారా, అతుకు సరిగా పడలేదా అని అన్నిటినీ అనుమానించాలి. మాడ్‌తో మొదలుపెడితే ఇంకో చిక్కు: మోత మారింది భాగం వల్లనా, వదులైన వైరు వల్లనా అన్నది తేలదు.

విప్పేముందు నాలుగువైపులా ఫొటోలు తీసుకోవాలి. ఏ రంగు వైరు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్తోందో కాగితం మీద గీసుకోవాలి. ఫొటో ఉంది కదా అని గీయడం మానేయకండి, ఫొటోలో ఒక వైరు కింద ఇంకో వైరు దాక్కుంటుంది. ఆ తర్వాత చూడాల్సినవి, వాల్యూమ్ కంట్రోళ్లు నేరుగా బోర్డుకే అతికి ఉన్నాయా, స్విచ్ ఏ జాతిది అన్నవి. కంట్రోళ్లు బోర్డుకే ఉంటే రెండు దారులు. వాటి వరసకు సరిగ్గా సరిపడేలా కొత్త డబ్బాకు రంధ్రాలు వేయడం ఒకటి. పంపుతో పాత సోల్డర్ పీల్చేసి, కంట్రోళ్లను ఊడదీసి, వైర్లతో దూరంగా తెచ్చుకోవడం రెండోది. కొత్తవాళ్లకు మొదటిదే మేలు. బోర్డు మీద రాగి గీత ఒకసారి లేచిపోయిందంటే దాన్ని మళ్లీ పడుకోబెట్టడం తలనొప్పి.

‘పీ-38 అను తమ్ముడూ’

హైదరాబాద్‌లో ఈ సరుకులకు చిరునామా కోఠి గుజరాతీ గల్లీ. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్, ముంబయిలో లామింగ్టన్ రోడ్ ఎలాగో ఇదీ అలాగే. మనం చదువుకున్న పేర్లకూ కౌంటరు దగ్గర నడిచే పేర్లకూ పొంతన ఉండదు. అక్కడ సాగే మాటల తీరు ఇదీ:

‘‘అన్నా, గిటార్ వైర్ గుచ్చే సాకెట్ ఉందా? పావు అంగుళంది.’’

‘‘గట్ల అడిగితే ఎట్ల తమ్ముడూ? పీ-38 అను. మోనోనా, స్టీరియోనా?’’

‘‘ఒకటి మోనో, ఒకటి స్టీరియో.’’

‘‘రెండు రకాలెందుకు? ఏం చేస్తున్నవ్?’’

ఆ ప్రశ్నకు జవాబులోనే ఒక చక్కటి కిటుకుంది. గిటార్ సిగ్నల్‌కు స్టీరియో అక్కర్లేదు. అయినా బ్యాటరీతో నడిచే పెడళ్లలో గిటార్ గుచ్చే వైపు స్టీరియో సాకెటే ఉంటుంది. దాంట్లో అదనంగా ఉన్న మధ్య కాలుకు బ్యాటరీ మైనస్ వైరు కలుపుతారు. మామూలు మోనో ప్లగ్ గుచ్చగానే దాని పొడవాటి లోహపు ఒర ఆ మధ్య కాలునూ మైనస్‌నూ ఒకటి చేస్తుంది, బ్యాటరీ ఆన్. ప్లగ్ లాగేస్తే ఆఫ్. వేరే ఆన్-ఆఫ్ బటన్ లేకుండా పని జరిగిపోతుంది. వాయించడం అయ్యాక గిటార్ వైరు పెడల్‌కే వదిలేస్తే బ్యాటరీ ఎందుకు చస్తుందో ఇప్పుడు తెలిసింది కదా.

డబ్బా సంగతికొస్తే, పెడళ్లవాళ్లు ఎక్కువగా కెనడాకు చెందిన హామండ్ కంపెనీ నంబర్లతో మాట్లాడుకుంటారు. 1590బి అంటే సుమారు 112 మి.మీ. పొడవు, 60 వెడల్పు, 31 లోతు. బజారులో 125బి అని పిలిచేది అంతకంటే కాస్త పెద్దది. లోతు దగ్గర దగ్గర 39 మి.మీ. ఉంటుంది. మొదటిసారికి 125బి తీసుకోండి. లోపల వేళ్లకు చోటుండాలి. గల్లీలో ‘ప్రాజెక్ట్ బాక్స్’ అంటే ప్లాస్టిక్‌ది చేతిలో పెట్టేస్తారు, పోత అల్యూమినియందే కావాలని గట్టిగా అడగాలి. లేదంటే ఆన్‌లైన్. డబ్బా, స్విచ్, సాకెట్లు, ఎల్ఈడీ అన్నీ కలిపి చూస్తే చవక పెడల్ ధరకు అటూఇటూ అవుతుంది. లెక్కలు వేసుకునేవాళ్లకు ఇది గిట్టుబాటు బేరం కాదు, ముందే చెబుతున్నా.

స్విచ్ దగ్గరే తికమక

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది కాలితో నొక్కే స్విచ్ దగ్గరే. పెడళ్లలో స్విచ్‌లు రెండు జాతులు. ఒకటి టిక్కుమని పడి అక్కడే నిలిచేది. సిగ్నల్ అచ్చంగా దాని లోపలి లోహపు రేకుల గుండానే నడుస్తుంది. రెండోది నొక్కినంతసేపే కలిసి, కాలు తీయగానే విడిపోయే ‘పుష్-టు-ఆన్’. 1977 నుంచి వస్తున్న బాస్ చిన్న పెడళ్లు, ఐబానెజ్ ట్యూబ్ స్క్రీమర్, వాటికి నకలుగా వచ్చే చవక పెడళ్లు చాలావరకు ఈ రెండో జాతివి. వాటిలో సిగ్నల్ స్విచ్ దగ్గరికే రాదు. నొక్కినప్పుడు పుట్టే చిన్న విద్యుత్ తాకిడి లోపల రెండు ట్రాన్సిస్టర్లు కలిసిన ఫ్లిప్-ఫ్లాప్ అనే సర్క్యూట్‌కు వెళ్తుంది. అది సిగ్నల్ దారిలోని ఎఫ్ఈటీలు అనే ట్రాన్సిస్టర్లను తెరుస్తుంది, మూస్తుంది. ఇలాంటి పెడల్‌కు టిక్కుమనే స్విచ్ బిగిస్తే ఒకసారి నొక్కితే పనిచేస్తుంది, రెండోసారి చేయదు, మూడోసారి చేస్తుంది. సర్క్యూట్ పాడైందనుకుని తల పట్టుకుంటారు. ఏమీ కాలేదు, పుష్-టు-ఆన్ పెట్టండి.

మొదటి జాతి పెడల్ అయితే త్రీపీడీటీ స్విచ్. దీన్ని ఒకసారి దగ్గరగా చూద్దాం. అడుగున తొమ్మిది కాళ్లు, మూడేసి చొప్పున మూడు వరసలు. నిజానికి అవి ఒకే బొడిపెతో కదిలే మూడు వేరువేరు స్విచ్‌లు. ఒక వరస మధ్య కాలికి గిటార్ వస్తుంది, రెండో వరస మధ్య కాలి నుంచి యాంప్లిఫయర్‌కు పోతుంది, మూడోది ఎల్ఈడీని వెలిగిస్తుంది. పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు గిటార్ సిగ్నల్ బోర్డును తాకకుండా ఒక అడ్డ వైరు మీదుగా నేరుగా అవతలికి వెళ్లిపోతుంది. ‘ట్రూ బైపాస్’ అని డబ్బాల మీద గొప్పగా రాసుకునేది ఈ అడ్డ వైరు గురించే. ఏ మూడు కాళ్లు ఒక జట్టో కంటికి తెలియదు. స్విచ్‌ను పావువంతు తిప్పి పట్టుకుంటే వరసలు నిలువు అడ్డమైపోతాయి. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, నొక్కుతూ వదులుతూ, జట్లను గుర్తించి స్కెచ్ పెన్నుతో గీత గీసుకున్నాకే సోల్డరింగ్ ఐరన్ పట్టండి. ఈ కాళ్లు ప్లాస్టిక్ దిమ్మెలో దిగి ఉంటాయి. వేడి ఎక్కువసేపు తగిలితే దిమ్మె మెత్తబడి లోపలి రేకు పక్కకు జరుగుతుంది. ఒక కాలుకు రెండు మూడు సెకన్లు చాలు. అతికిన వెంటనే పక్క కాలు జోలికి పోకుండా అవతలి వరసకు వెళ్లి, అది చల్లారాక రండి.

ఇంకో ఉచ్చు కరెంటు సాకెట్. పెడళ్ల లోకంలో 9 వోల్టుల అడాప్టర్‌కు మధ్యది మైనస్, బయటి ఒర ప్లస్. ఇంట్లో రౌటర్ల వంటివాటికి వచ్చేవి చాలావరకు దీనికి తలకిందులు. పైగా 12 వోల్టులవి. గుచ్చేముందు అడాప్టర్ మీద ఉన్న గుండ్రాల బొమ్మ చూడటం అలవాటు చేసుకోవాలి. ఇది అందరూ చెప్పేదే. చెప్పనిది వేరే ఉంది: పాత ప్లాస్టిక్ డబ్బాలో లోహపు డీసీ సాకెట్ ఉన్నా ఇబ్బంది లేదు. అదే సాకెట్‌ను అల్యూమినియం డబ్బాకు బిగిస్తే దాని బయటి ఒర డబ్బాను తాకుతుంది. ఆ ఒర ప్లస్. డబ్బా మాత్రం గిటార్ సాకెట్ల ద్వారా మైనస్‌కు కలిసి ఉంది. ప్లస్సూ మైనస్సూ డబ్బా మీదే కలుసుకుంటాయి. అడాప్టర్ వేడెక్కుతుంది, పెడల్ కిక్కురుమనదు. అందుకే ప్లాస్టిక్ ఒంటితో ఉన్న డీసీ సాకెట్టే కొనాలి. అదే కారణంతో బోర్డు అడుగు భాగం డబ్బాకు గానీ, కంట్రోళ్ల లోహపు వీపులకు గానీ తగలకుండా మధ్యలో పాత ఫైలు అట్టనో, ఇన్సులేషన్ టేపునో పరవాలి.

రంధ్రాలు వేసేటప్పుడు కాగితం మీద కొలతలు గీసి డబ్బాకు అంటించుకోవడం మంచిది. మేకుతోనో పంచ్‌తోనో చిన్న గుంట కొట్టకపోతే డ్రిల్లు మొన నున్నటి అల్యూమినియం మీద జారి పెయింటంతా గీరేస్తుంది. ముందు 3 మి.మీ. బిట్, తర్వాత పెద్దది. స్విచ్‌కు 12 మి.మీ., గిటార్ సాకెట్లకు దాదాపు 9.5, మామూలు కంట్రోళ్లకు 7. డబ్బాను చేత్తో పట్టుకుని డ్రిల్ చేయొద్దు. బిట్ కరుచుకున్నప్పుడు అది గిర్రున తిరిగి వేళ్లు కోసేస్తుంది. ఇంకో మాట. పై నుంచి చూస్తే గిటార్ గుచ్చేది కుడివైపు, యాంప్‌కు పోయేది ఎడమవైపు. వైర్లు కలిపేటప్పుడు డబ్బా బోర్లా ఉంటుంది కాబట్టి కుడి ఎడమలు తారుమారవుతాయి. లోపలివైపు పెన్సిల్‌తో రాసిపెట్టుకుంటే సరి.

మోగకపోతే?

మూత బిగించకముందే వాయించి చూడాలి. మోగకపోతే పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఒక గిటార్ వైరు అవతలి కొసకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అతికించి, దాని రెండో కాలును సూదిలా వాడుకోండి. వైరు మైనస్‌ను పెడల్ మైనస్‌కు కలపండి. ఇవతలి కొస యాంప్లిఫయర్‌కు గుచ్చి, వాల్యూమ్ తగ్గించి పెట్టండి. పెడల్ లోపలికి పాట పంపుతూ, సిగ్నల్ వచ్చే దారివెంట ఒక్కో చోట ఆ సూది ఆనించుకుంటూ వెళ్లండి. పాట ఏ అతుకు దాకా వినిపించి ఎక్కడ మాయమైందో జబ్బు అక్కడే. ఆడియో ప్రోబ్ అనే ఈ పనిముట్టుకు అయ్యే ఖర్చు ఒక కెపాసిటర్. సర్క్యూట్ బొమ్మ చదవడం రానివాళ్లకు కూడా దీన్ని పట్టుకుని ఒక గంట కూర్చుంటే సిగ్నల్ ఎటునుంచి ఎటు పోతోందో చెవికే తెలిసిపోతుంది.

మూత పెట్టాక మూగబోయిందంటే సాధారణంగా బోర్డు ఎక్కడో డబ్బాకు తగిలినట్టు. నట్టు బిగిస్తుంటే సాకెట్ తనూ తిరిగి, దాని కాలు పక్కదాన్ని ముట్టుకోవడమూ మామూలే.

చెవికి తగ్గ మార్పులు

డబ్బా మారింది, మోగుతోంది. ఇప్పుడు మాడ్‌లు. నేర్చుకోవడానికి ట్యూబ్ స్క్రీమర్, దాని నకళ్లు సరైన బడి. 1970ల చివర్లో జపాన్‌లో సుసుము తమురా రూపొందించిన సర్క్యూట్ ఇది. ఇందులో 4.7 కిలో ఓమ్ రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ పక్కపక్కనే ఉంటాయి. ఈ జంట 720 హెర్ట్జ్‌కు కింద ఉన్న స్వరాలను పూర్తిగా పెరగనివ్వదు. ట్యూబ్ స్క్రీమర్‌కు ‘ముక్కుతో పాడుతుంది’ అన్న పేరు రావడానికి ప్రధాన కారణం ఈ జంటే. కెపాసిటర్‌ను 0.1 మైక్రోఫారడ్‌కు మార్చండి. ఆ హద్దు 340 హెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది, కింది తీగలకు ఒళ్లొస్తుంది. ఒక్క భాగం, రూపాయల్లో ఖర్చు, తేడా ఎవరికైనా వినిపిస్తుంది. నా దృష్టిలో మాడ్ అంటే ఇలా ఉండాలి.

డయోడ్లు మార్చడం మరో ముచ్చట. మామూలు సిలికాన్ 1ఎన్4148 దాదాపు 0.6 వోల్టుల దగ్గర తరంగాన్ని తెగ్గొడుతుంది. ఎర్ర ఎల్ఈడీ పెడితే 1.7 వోల్టుల దాకా వదులుతుంది. మోత పెద్దదై, నలుగుడు తగ్గుతుంది. ఒక వైపు రెండు డయోడ్లు, రెండో వైపు ఒకటి పెడితే తరంగం పైనా కిందా వేరువేరు ఎత్తుల్లో తెగుతుంది. బాస్ ఎస్‌డీ-1లో ఉన్నది ఈ ఏర్పాటే. ప్రతిసారీ అతికించి ఊడదీస్తుంటే బోర్డు పాడవుతుంది. ఐసీ సాకెట్ పట్టీని రెండు గుంటల ముక్కగా విరిచి బోర్డుకు అతికిస్తే, డయోడ్లను గుచ్చి తీసి వినవచ్చు.

పేరు గొప్ప మాడ్‌లు కొన్ని ఉన్నాయి. ట్యూబ్ స్క్రీమర్ టీఎస్9ను పాత టీఎస్808గా మార్చడం వాటిలో మొదటిది. అమెరికాలో మైక్ పియరా, రాబర్ట్ కీలీ వంటివాళ్లు పెడల్ మాడ్‌లతోనే పేరు తెచ్చుకుని వ్యాపారాలు నిలబెట్టారు. ఈ 808 మార్పులో అసలు పని చివరన ఉన్న రెండు రెసిస్టర్లదే. 470 ఓమ్ స్థానంలో 100 ఓమ్, 100 కిలో ఓమ్ స్థానంలో 10 కిలో ఓమ్. చేసి చూడండి, తప్పు లేదు. కానీ కళ్లకు గంతలు కట్టి వినిపిస్తే ఏది ఏదో చెప్పగలిగేవాళ్లు తక్కువని నా అనుమానం. జేఆర్‌సీ 4558 అనే ఎనిమిది కాళ్ల ఐసీ చుట్టూ అల్లిన మహిమల కథలూ అంతే. దానికంటే టోన్ కంట్రోల్ కాస్త తిప్పితే వచ్చే మార్పు ఎక్కువ.

మన ఎండలు, జర్మేనియం

పాత ఫజ్ పెడళ్ల మీద మోజుపడేవాళ్లు జర్మేనియం ట్రాన్సిస్టర్ల కోసం వెతుకుతారు. ఇందులో మనవాళ్లకు ఓ అదృష్టం ఉంది. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు ఏసీ128 వంటి జర్మేనియం ట్రాన్సిస్టర్లు తయారుచేసేది. అటకల మీద పడి ఉన్న పాత ట్రాన్సిస్టర్ రేడియోల్లో ‘బెల్’ అన్న అక్షరాలతో అవి కనిపిస్తాయి. విదేశాల్లో పెడల్ చేసేవాళ్లూ వాటిని అడిగి కొంటుంటారు.

దురదృష్టం మన ఎండ. జర్మేనియంలో ఊరికే కారిపోయే కరెంటు, వేడి పది డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపవుతుంది. డిసెంబరు సాయంత్రం ఇంట్లో కమ్మగా మోగిన ఫజ్ ఫేస్, మే నెలలో రామగుండంలోనో, కర్నూలులోనో షామియానా కింద గొంతు పట్టేసి ఉక్కిరిబిక్కిరి అవుతుంది. దీనికి మందుంది. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర వోల్టేజీ బ్యాటరీలో సగం, అంటే సుమారు 4.5 వోల్టులు ఉంటే బాగా మోగుతుంది. అక్కడున్న 8.2 కిలో ఓమ్ రెసిస్టర్ తీసేసి 20 కిలో ఓమ్ ప్రీసెట్ పెట్టండి. ఎండ మారినప్పుడల్లా మీటర్ ఆనించి స్క్రూడ్రైవర్‌తో సరిచేసుకోవచ్చు. అంత ఓపిక లేకపోతే సిలికాన్ బీసీ108తో వచ్చిన తర్వాతి రకం ఫజ్ ఫేస్ సర్క్యూట్ ఉండనే ఉంది. మోత కాస్త కటువు, ఎండకు మాత్రం చలించదు.

ఏసీ128తో కట్టిన ఫజ్‌లో ఇంకో మెలిక. అది పీఎన్‌పీ జాతి. ఆ పాత సర్క్యూట్లలో మైనస్ బదులు ప్లస్ వైరు డబ్బాకు కలుస్తుంది. మిగతా పెడళ్లతో కలిపి ఒకే అడాప్టర్ నుంచి గొలుసుగా కరెంటు ఇస్తే షార్టే. దీనికి సొంత బ్యాటరీ పెట్టడం క్షేమం.

చేయి పెట్టకూడనివి

పైన చెప్పిందంతా 9 వోల్టుల పెడళ్లకే. ఒంటికి షాక్ కొట్టేంత కరెంటు వాటిలో లేదు. పాత పెడళ్లలో కొన్నిటికి గోడ ప్లగ్గు వైరు నేరుగా లోపలికే వస్తుంది. వాల్వులతో నడిచే యాంప్లిఫయర్లలో వందల వోల్టులుంటాయి, ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో మిగిలి ఉంటాయి. వాటి జోలికి పోవద్దు. బజార్లో దొరికే సోల్డరింగ్ తీగలో చాలావరకు సీసం ఉంటుంది. పని అయ్యాక చేతులు కడుక్కోకుండా మిర్చి బజ్జీ ముట్టుకోవద్దు.

తాతల నాటి పెడల్ చేతికి వస్తే మాత్రం ఐరన్ పక్కన పెట్టండి. పాత బిగ్ మఫ్ పెడళ్ల వంటివి కొనేవాళ్లు మూత విప్పి, వాల్యూమ్ కంట్రోళ్ల వీపు మీద అచ్చేసిన అంకెలను బట్టి ఏ సంవత్సరం ఏ వారంలో తయారైందో లెక్కగడతారు. మొదటి అతుకులు ఎవరూ కదపకుండా ఉన్నాయా అని భూతద్దం పెట్టి చూస్తారు. కొత్త డబ్బాలోకి మార్చినా, ఒక్క రెసిస్టర్ మార్చినా దాని ధర పడిపోతుంది. ఎప్పటికైనా మార్చక తప్పకపోతే ఊడదీసిన ప్రతి ముక్కనూ చిన్న కవర్లో వేసి పెడల్‌తోపాటే ఉంచాలి. ఏ పనీ చేయకపోయినా ఒకటి మాత్రం ఈరోజే చేయండి: లోపల పాత బ్యాటరీ ఉంటే తీసేయండి. అది కారిందంటే క్లిప్పుతోపాటు బోర్డు మీది రాగినీ తినేస్తుంది.